గేర్ బాక్స్ కారుతోందా? సరైన ఆయిల్ సీల్ ఎంచుకోవడం ఇలా

"సీల్ మార్పించాం, నెల తిరగకముందే మళ్లీ కారుతోంది. ఏ కంపెనీ సీల్ వేస్తే ఆగుతుంది?" మిర్యాలగూడ వైపు ట్రాక్టర్లు నడిపేవాళ్లు, జడ్చర్ల దగ్గర పికప్ బండ్లు తిప్పేవాళ్లు, దేవరకొండలో సొంత కారు ఉన్నవాళ్లు, అందరూ అడిగేది ఇదే. కంపెనీ పేరు ఆఖర్లో చూసుకోవచ్చు. ఆయిల్ ఎక్కడి నుంచి వస్తోంది, షాఫ్ట్ (తిరిగే ఇరుసు) కొలత ఎంత, హౌసింగ్ (సీల్ కూర్చునే గూడు) కొలత ఎంత, ఏ రకం లిప్ (షాఫ్ట్‌ని పట్టుకునే సీల్ లోపలి అంచు), ఏ రబ్బరు అన్నవి ముందు తేలాలి. ఇవి తేల్చకుండా పాత సీల్ జేబులో వేసుకుని షాపుకెళ్లి "ఇలాంటిదే ఇవ్వండి" అంటే, ఇంతకుముందు ఎవరో పొరపాటున వేసిన సీల్‌నే మీరూ మళ్లీ కొనే అవకాశం ఉంది.

పని మెకానిక్ చేత చేయించినా సరే, ఎంపిక మాత్రం మీ కళ్ల ముందు జరగాలి. సీల్ ధర కంటే గేర్ బాక్స్ దింపి ఎక్కించే కూలీయే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ కూలీ రెండోసారి కట్టే పరిస్థితి రాకూడదు.

ఏమేం కావాలి

వెర్నియర్ కాలిపర్ తప్పనిసరి. డిజిటల్‌ది అయితే చదవడం తేలిక. టేపుతో, స్కేలుతో ఈ కొలతలు తీయలేరు. దాంతోపాటు టార్చి లైటు, కడగడానికి డీజిల్, బ్రష్, పొడి గుడ్డలు, కొంచెం టాల్కం పౌడర్, 400 నంబర్ ఎమరీ పేపర్, సీల్ దింపడానికి సరిపోయే పెద్ద సాకెట్ లేదా పైపు ముక్క, కింద పరచడానికి అట్టముక్క. బండి ఆర్సీ దగ్గర పెట్టుకోండి. ఫోన్‌లో ఫొటోలు తీస్తూ ఉండండి.

బండి కింద దూరే పని కాబట్టి ఒక్క జాకీని నమ్ముకోవద్దు. చదునైన నేల మీద నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టి, స్టాండ్ల మీద కూర్చోబెట్టాకే కిందికి వెళ్లండి.

1. కారుతున్న చోటు కనిపెట్టండి

బండి పరుగెత్తేటప్పుడు గాలికి ఆయిల్ వెనక్కి పాకుతుంది. అందుకే చుక్క రాలే చోటు ఒకటి, ఆయిల్ పుట్టే చోటు మరొకటి అవుతుంది. గేర్ బాక్స్ మొత్తం డీజిల్‌తో శుభ్రంగా కడిగి తుడిచి, ఆరాక అనుమానం ఉన్న చోట్ల పౌడర్ చల్లండి. పది పదిహేను కిలోమీటర్లు నడిపి వచ్చి టార్చితో చూడండి. తడిసిన చోట్లలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఉన్నదే అసలు చోటు.

ఇంజిన్‌కీ గేర్ బాక్స్‌కీ మధ్య, క్లచ్ హౌసింగ్ కింది కన్నం నుంచి ఆయిల్ వస్తుంటే తొందరపడకండి. అది గేర్ బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్ కావచ్చు, ఇంజిన్ వెనక క్రాంక్ సీల్ కూడా కావచ్చు. వేలితో తీసి వాసన చూడండి. గేర్ ఆయిల్ చిక్కగా ఉండి గంధకం వాసన ఘాటుగా కొడుతుంది. డీజిల్ బండి ఇంజిన్ ఆయిల్ నల్లగా మసిలా ఉంటుంది. ఎర్రగా ఉంటే ఆటోమేటిక్ గేర్ బాక్స్ ఫ్లూయిడ్ గానీ, కొన్ని బండ్లలో పవర్ స్టీరింగ్ ఆయిల్ గానీ అయి ఉండొచ్చు.

వెనక చక్రాలను తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ గేర్ బాక్స్‌లోకి దూరే చోట తడి ఉంటే అవుట్‌పుట్ సీల్. ముందు చక్రాలు లాగే కార్లలో డ్రైవ్ షాఫ్ట్ మొదట్లో తడి ఉంటే యాక్సిల్ సీల్. గేర్ మార్చే రాడ్ దగ్గర చిన్న సీల్ ఉంటుంది, చాలామంది దాన్ని మర్చిపోతారు. స్పీడోమీటర్ కేబుల్ దగ్గర ఓ-రింగ్ అనే గుండ్రటి రబ్బరు రింగ్, డ్రెయిన్ బోల్ట్ కింద వాషర్, కవర్ల కింద ప్యాకింగ్, ఇవి కూడా కారతాయి. వీటిలో ఏదో ఒకటైతే గేర్ బాక్స్ దింపే పనే లేదు.

2. సీల్ కొనేముందు లెవెల్, బ్రీదర్ చూడండి

కొత్త సీల్ వేసినా కారడానికి నేను ఎక్కువగా అనుమానించేది బ్రీదర్‌నే. గేర్ బాక్స్ వేడెక్కితే లోపలి గాలి వ్యాకోచిస్తుంది. అది బయటికి పోవడానికి పైభాగంలో చిన్న టోపీ లాంటిదో, సన్నని పైపో ఉంటుంది. అది మూసుకుపోతే గాలి ఒత్తిడికి ఆయిల్ సీల్ దగ్గర దారి చూసుకుంటుంది. సాగర్ ఎడమ కాలువ కింద వానాకాలం, యాసంగి రెండు పంటలకూ దమ్ములో తిరిగే ట్రాక్టర్లకు బురద ఎండి బ్రీదర్ గట్టిగా బిగుసుకుపోతుంది. పాలమూరు చెల్కల్లో తిరిగే బండ్లకైతే దుబ్బ, ఆయిల్ కలిసి పేస్టులా పట్టేస్తుంది. విప్పి, కడిగి, గాలి ఊది చూడండి. గాలి ధారాళంగా పోవాలి.

తర్వాత లెవెల్. చాలా మాన్యువల్ గేర్ బాక్సుల్లో లెవెల్ బోల్ట్ విప్పితే ఆయిల్ ఆ కన్నం కింది అంచు దాకా ఉండాలి. బండి చదునుగా, చల్లగా ఉన్నప్పుడు చూడండి. బోల్ట్ విప్పగానే ధారగా కారితే ఎక్కువ పోసినట్టే. ఎక్కువ ఆయిల్ కూడా సీల్‌ని తడుపుతుంది. ఈ రెండూ సరిచేసి కొన్ని రోజులు నడిపి చూస్తే, కొన్ని బండ్లలో కారడం అక్కడితోనే ఆగిపోతుంది.

3. పార్ట్ నంబర్ దొరుకుతుందేమో చూడండి

మోడల్ పేరు ఒక్కటి చెబితే సరిపోదు. ఒకే మోడల్‌లో సంవత్సరాన్ని బట్టి, ఇంజిన్‌ని బట్టి గేర్ బాక్స్ మారుతుంది. ఆర్సీలో ఉన్న ఛాసిస్ నంబర్, గేర్ బాక్స్ మీద ప్లేటు ఉంటే దాని ఫొటో, రెండూ డీలర్ పార్ట్స్ కౌంటర్‌లో చూపించండి. ఇప్పటి బండ్లకు ఛాసిస్ నంబర్‌లో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. ఒక్కటి తప్పు చెప్పినా వేరే బండి పార్ట్ వస్తుంది.

ఆటోమేటిక్ గేర్ బాక్స్ అయితే ఇదొక్కటే దారి. కొలతలతో వెతుక్కునే ప్రయత్నం దానికి వద్దు. మాన్యువల్ బండ్లకు, ట్రాక్టర్లకు పార్ట్ నంబర్ దొరికినా, దొరకకపోయినా కింది కొలతలు తీసుకోండి. దొరికితే సరిచూసుకోవడానికి పనికొస్తాయి.

4. పాత సీల్ తీసేముందు లోతు కొలవండి, తీశాక దాన్ని చదవండి

సీల్ హౌసింగ్ అంచుకు సమంగా ఉందా, లోపలికి దిగి ఉందా? లోపలికి ఉంటే ఎన్ని మి.మీ.? వెర్నియర్ తోకతో నాలుగు వైపులా కొలిచి రాసుకోండి. బయటికి కనిపిస్తున్న ముఖాన్ని ఫొటో తీయండి. సీల్ పీకేశాక ఈ కొలత మళ్లీ దొరకదు.

తీసేటప్పుడు స్క్రూడ్రైవర్ మొన షాఫ్ట్‌కి గానీ, హౌసింగ్ గోడకి గానీ తగలనివ్వకండి. అక్కడ పడిన ఒక్క గీత చాలు, కొత్త సీల్ కారడానికి.

ఇప్పుడు పాత సీల్ లిప్‌ని వెలుతురులో తిప్పి చూడండి. ఎందుకు పాడైందో అదే చెబుతుంది, కొత్తది ఎలాంటిది కావాలో అక్కడే తెలుస్తుంది.

లిప్ గోరుతో నొక్కితే వంగకుండా గట్టిపడి, సన్నని పగుళ్లు ఉన్నాయంటే వేడికి మాడింది. అదే రబ్బరు మళ్లీ వేస్తే అదే గతి. లిప్ ఉబ్బి మెత్తగా జిగటగా అయిందంటే ఆయిల్‌కీ రబ్బరుకీ పడలేదు. ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ అరిగిందంటే షాఫ్ట్ మధ్యలో తిరగడం లేదు లేదా సీల్ వంకరగా కూర్చుంది. చుట్టూ వెడల్పుగా అరిగి, అంచున ఇసుక పట్టి ఉంటే దుమ్ము లోపలికి వెళ్లింది. లిప్ ఒకచోట కత్తితో కోసినట్టు చీలి ఉంటే బిగించేటప్పుడు స్ప్లైన్లకు, అంటే షాఫ్ట్ మీది పొడవాటి పళ్లకు తగిలింది. లిప్‌ని బిగించి ఉంచే సన్నని స్ప్రింగ్ ఊడి పక్కకు వచ్చి ఉంటే కొట్టి బిగించారు. చివరి రెండిట్లో సీల్ తప్పు లేదు, బిగించిన పద్ధతిదే తప్పు.

ఇదే సమయంలో షాఫ్ట్‌ని చేత్తో పైకీ కిందికీ కదిపి చూడండి. స్పష్టంగా షేక్ ఉంటే బేరింగో, బుష్షో పోయింది. అది మార్చకుండా ఎంత ఖరీదైన సీల్ వేసినా నిలవదు.

5. షాఫ్ట్‌ని, హౌసింగ్‌ని కొలవండి, సీల్‌ని కాదు

అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. సీల్ సైజు మూడు అంకెలు: షాఫ్ట్ వ్యాసం, హౌసింగ్ వ్యాసం, మందం. 35×52×7 అని ఉంటే 35 మి.మీ. షాఫ్ట్, 52 మి.మీ. హౌసింగ్, 7 మి.మీ. మందం అని. విప్పిన సీల్ లిప్ కొలిస్తే 35 రాదు. షాఫ్ట్‌ని బిగువుగా పట్టుకోవడానికి లిప్‌ని ఒక మి.మీ. దాకా, ఒక్కోసారి అంతకంటే కూడా చిన్నగా చేస్తారు. బయటి అంచు హౌసింగ్ కంటే కొద్దిగా పెద్దగా ఉంటుంది. పైగా పాత సీల్ అరిగి, ఉబ్బి ఉంటుంది. లిప్ కొలిచి 34 అనుకుని 34 సీల్ తెచ్చి బలవంతంగా ఎక్కిస్తే, లిప్ వేడెక్కి తొందరగా మాడిపోతుంది.

షాఫ్ట్‌ని సీల్ తిరిగే చోటుకి పక్కన, అరగని భాగంలో కొలవండి. హౌసింగ్‌ని బాగా తుడిచి, వెర్నియర్ లోపలి దవడలతో అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలవండి. రెండిటికీ తేడా వస్తే మళ్లీ తుడిచి కొలవండి. పాత అనబాండ్ (కారకుండా రాసే పేస్టు) పొర ఉంటే కొలత తప్పుతుంది. ఆఖరున హౌసింగ్ లోతు చూడండి.

ఈ మూడింటిలో షాఫ్ట్, హౌసింగ్ కొలతల్లో రాజీ లేదు. మందంలో మాత్రం కొంచెం వెసులుబాటు ఉంది. 7 దొరక్కపోతే, లోతు సరిపోతుందనుకుంటే 8 వేయొచ్చు. కానీ లోపల బేరింగ్‌కి తగలకూడదు, ఆయిల్ తిరిగి వెళ్లే చిన్న కన్నం మూసుకుపోకూడదు.

పాత డిజైన్ ట్రాక్టర్లలో ఇంకో చిక్కుంది. మాస్సీ ఫెర్గూసన్ 35 కుటుంబం లాంటివాటిలో కొలతలు అంగుళాల్లో ఉంటాయి. వెర్నియర్‌లో 44.45 వచ్చిందంటే అది ఒకటి ముప్పావు అంగుళం. 63.5 అంటే రెండున్నర అంగుళాలు. షాపులో "44 లేదు, 45 ఉంది, అదే పడుతుంది" అంటారు. పట్టదు. పాయింట్ తర్వాత వచ్చే అంకెలు విచిత్రంగా కనిపిస్తే 25.4తో భాగించి చూడండి. అంగుళం కొలతే అని తేలితే అంగుళం సీల్‌నే అడగండి.

6. రకం: టీసీ, ఎస్‌సీ, టీబీ, ఎస్‌బీ

సీల్ ముఖం మీద సైజు పక్కన ఈ అక్షరాలు ఉంటాయి. మన దగ్గర దొరికే చాలా సీళ్లలో అర్థం ఇది. మొదటి అక్షరం టీ అయితే రెండు లిప్‌లు, అంటే ఆయిల్ ఆపేది ఒకటి, బయటి దుమ్ము ఆపేది ఒకటి. ఎస్ అయితే ఒకటే లిప్. రెండో అక్షరం సీ అయితే బయటి అంచు మీద రబ్బరు పొర, బీ అయితే ఇనుప అంచు. ఈ నాలుగిట్లోనూ స్ప్రింగ్ ఉంటుంది. కొన్ని కంపెనీలు వేరే గుర్తులు వాడతాయి కాబట్టి అక్షరాలతో పాటు కంటితో కూడా చూసుకోండి.

బయటికి కనిపించే షాఫ్ట్‌కి, అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్, యాక్సిల్, పీటీఓ (ట్రాక్టర్ వెనక పనిముట్లను తిప్పే) షాఫ్ట్‌లకు, మన దుబ్బ రోడ్ల మీద టీ రకమే తీసుకోండి. ఎస్‌సీ చౌకగా వస్తుందని అక్కడ వేస్తే ఇసుక నేరుగా ఆయిల్ లిప్ కిందికి వెళ్తుంది. రెండు వైపులా ఆయిల్ ఉండే లోపలి చోట్ల దుమ్ము లిప్ అవసరం లేదు.

హౌసింగ్ గోడ మీద చిన్న చిన్న గీతలుంటే రబ్బరు అంచు వాటిని సర్దుకుంటుంది. అల్యూమినియం హౌసింగ్‌కి కూడా అదే మేలు. గోడ శుభ్రంగా ఉంటే ఇనుప అంచు గట్టిగా కూర్చుంటుంది.

ట్రాక్టర్ వెనక యాక్సిల్‌లో కొన్నిటికి క్యాసెట్ సీల్ వస్తుంది. అది మందంగా ఉండి, షాఫ్ట్ మీద కూర్చునే స్లీవ్ కూడా అందులోనే కలిసి ఉంటుంది. బురద కోసమే చేసిన సీల్ అది. దాని బదులు మామూలు డబుల్ లిప్ సీల్ వేస్తే దమ్ము సీజన్‌లో నీళ్లు లోపలికి వెళ్తాయి. ఆయిల్ పాలలా తెల్లగా మారితే నీళ్లు చేరినట్టు. అప్పుడు సీల్‌తో పాటు ఆయిల్ మొత్తం మార్చాల్సిందే, ఎందుకంటే చాలా ట్రాక్టర్లలో హైడ్రాలిక్ లిఫ్ట్‌కి కూడా అదే ఆయిల్ వెళ్తుంది.

7. రబ్బరు

మామూలుగా దొరికేది నైట్రైల్, దాని మీద ఎన్‌బీఆర్ అని ఉంటుంది. ఇది దాదాపు 100 డిగ్రీల వేడి దాకా బాగా పనిచేస్తుంది. చాలా బండ్లకు ఇదే చాలు. ఏసీఎమ్ అని ఉండే పాలీయాక్రిలేట్ 150 డిగ్రీల దాకా, ఎఫ్‌కేఎమ్ 200 డిగ్రీల దాకా తట్టుకుంటాయి. ఎఫ్‌కేఎమ్‌నే షాపుల్లో వైటాన్ అంటారు.

నల్లగొండ ఎండల్లో 44, 45 డిగ్రీలున్నప్పుడు ధాన్యం లోడుతో మిల్లుకి తిరిగే బండి గేర్ బాక్స్ ఎంత వేడెక్కుతుందో నడిపేవాళ్లకు తెలుసు. గేర్ ఆయిల్‌లో ఉండే గంధకం రసాయనాలు ఆ వేడిలో నైట్రైల్‌ని ఇంకా తొందరగా గట్టిపరుస్తాయి. పాత నైట్రైల్ సీల్ లిప్ గట్టిపడి పగిలి ఉంటే ఎఫ్‌కేఎమ్‌కి మారండి, డబ్బు వృథా కాదు. పాతది మెత్తగానే ఉండి వేరే కారణంతో పాడైతే ఎఫ్‌కేఎమ్ కోసం ఎక్కువ పెట్టనక్కర్లేదు. సిలికాన్ రబ్బరు సీల్ ఎంత వేడి తట్టుకుంటుందని చెప్పినా గేర్ ఆయిల్‌కి వద్దు.

గోధుమ రంగు ఉంటే వైటాన్ అని చెప్పి అమ్ముతారు. రంగు చూసి నమ్మకండి. సీల్ మీద గానీ ప్యాకెట్ మీద గానీ రబ్బరు పేరు ముద్రించి ఉండాలి.

8. తిరిగే దిశ

లిప్ పక్కన ఏటవాలుగా సన్నని గీతలు, ముఖం మీద బాణం గుర్తు ఉంటే ఆ సీల్ ఒక దిశకే. బాణం షాఫ్ట్ ముందుకు నడిచేటప్పుడు తిరిగే వైపుకే ఉండాలి. ముందు చక్రాలు లాగే కార్లలో ఎడమ, కుడి యాక్సిల్ సీళ్లు బయటి నుంచి చూస్తే ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. సైజు ఒకటే కదా అని అటుది ఇటు వేస్తే సీల్ ఆయిల్‌ని లోపలికి నెట్టే బదులు బయటికి తోడుతుంది. బాణం లేకుండా సాదాగా ఉంటే ఏ వైపైనా వేయొచ్చు.

9. షాఫ్ట్ మీద గాడి పడిందా?

లిప్ తిరిగిన చోట గోరును షాఫ్ట్ పొడవు వెంట లాగండి. మెరుపు గీత మాత్రమే ఉండి గోరు జారిపోతే 400 ఎమరీతో చుట్టూ తిప్పుతూ తేలికగా మెరుగు పెట్టండి. పొడవునా రుద్దకండి, ఆ గీతల వెంట ఆయిల్ బయటికి దారి చేసుకుంటుంది. గోరు తట్టుకుని ఆగితే కొత్త సీల్ ఒక్కటే సరిపోదు.

అప్పుడు మూడు దారులున్నాయి. హౌసింగ్‌లో లోతు ఉంటే సీల్‌ని ఒకటి రెండు మి.మీ. లోపలికో, బయటికో జరిపి లిప్ కొత్త చోట తిరిగేలా చేయొచ్చు. లేదంటే రిపేర్ స్లీవ్ ఎక్కించాలి. దాని గోడ పావు మి.మీ. కంటే కాస్త ఎక్కువ మందమే కాబట్టి సీల్ సైజు మారదు. మన జిల్లాల్లో దొరక్కపోతే సికింద్రాబాద్ రాణిగంజ్ బేరింగ్ షాపుల్లో అడగండి. మూడోది, ప్రొపెల్లర్ షాఫ్ట్ యోక్ లాంటిదైతే భాగమే మార్చడం. లేత్ మీద షాఫ్ట్‌ని తరిగి చిన్న సీల్ వేద్దామంటే ఒప్పుకోకండి. పైన ఉన్న గట్టి పొర పోయి, లోపలి మెత్తటి ఇనుము ఇంకా తొందరగా అరుగుతుంది.

10. షాపులో చూడాల్సినవి

సీళ్లను తీగకు గుచ్చి వేలాడదీసిన షాపు అయితే ఆ దండలోది తీసుకోకండి. బరువుకి లిప్ ఒకవైపు సాగి ఉంటుంది, ఎండ తగిలితే రబ్బరు గట్టిపడుతుంది. మూసిన ప్యాకెట్‌లోది అడిగి విప్పి చూడండి. లిప్ అంచు చుట్టూ ఒకే పదునుతో ఉండాలి. వేలితో వంచితే వెంటనే వెనక్కి రావాలి. స్ప్రింగ్ తన గాడిలో ఉండాలి. సైజు ముద్ర చెరిగిపోయి, వంకరగా ఉంటే డూప్లికేట్ అని అనుమానించండి. వెర్నియర్ వెంట తీసుకెళ్లి బయటి వ్యాసం, మందం అక్కడే కొలవండి.

క్లచ్ వైపు సీల్ కోసం గేర్ బాక్స్ దింపుతుంటే ఇంజిన్ వెనక సీల్ కూడా ఒకసారి చూడండి. చెమర్చినట్టు ఉంటే అప్పుడే మార్పించండి. క్లచ్ ప్లేటుకి ఆయిల్ పట్టి ఉంటే అదీ చూసుకోవాలి.

11. బిగించడం

స్ప్రింగ్ కనిపించే వైపు ఆయిల్ ఉన్న వైపుకి. లిప్‌కి గేర్ ఆయిల్ రాయండి, ఎండుగా ఎక్కిస్తే మొదటి నిమిషంలోనే కాలుతుంది. రెండు లిప్‌ల మధ్య ఖాళీలో సగం లోపు గ్రీజు నింపండి. స్ప్లైన్లు, కీ గాడి ఉన్న షాఫ్ట్ అయితే సన్నని టేపు చుట్టి, సీల్ దాటించాక తీసేయండి.

సాకెట్ లేదా పైపు బయటి వ్యాసం సీల్ కంటే ఒకటి రెండు మి.మీ. చిన్నగా ఉండాలి. సుత్తితో సీల్ అంచు మీద ఇటొకటి అటొకటి కొడుతూ దింపడం వద్దు. ముందు రాసుకున్న లోతు దాకా దింపి, నాలుగు వైపులా కొలిచి సమంగా ఉందో చూడండి. ఇనుప అంచు సీల్‌కి బయటి వైపు పల్చగా అనబాండ్ రాయొచ్చు. రబ్బరు అంచుకి అక్కర్లేదు. లిప్‌కి మాత్రం ఏ పేస్టూ తగలకూడదు.

కారడం ఆపే మందు ఆయిల్‌లో కలపమని సలహా ఇస్తారు. అది రబ్బరుని ఉబ్బించి కొన్నాళ్లు ఆపుతుందేమో గానీ చీలిన లిప్‌ని, గాడి పడిన షాఫ్ట్‌ని బాగు చేయలేదు. బండితో ఇచ్చిన మాన్యువల్ పుస్తకంలో చెప్పిన గ్రేడు ఆయిలే లెవెల్ దాకా పోయండి.

12. ఆగిందో లేదో చూడటం

బిగించాక చుట్టుపక్కల పొడిగా తుడిచి, పది కిలోమీటర్లు నడిపి చూడండి. మొదటిసారి సన్నని తడి కనిపిస్తే అది బిగించేటప్పుడు రాసిన ఆయిల్, గ్రీజు కావచ్చు. తుడిచేసి రాత్రికి అట్టముక్క పరిచి, ఉదయం చూడండి. మళ్లీ వంద కిలోమీటర్ల తర్వాత, అదీ లోడుతో వేడెక్కాక చూడండి. ట్రాక్టర్ అయితే ఒక పూట దున్నాక చూడండి. చల్లగా ఉన్నప్పుడు పొడిగా ఉండి వేడెక్కాకే తడిస్తే బ్రీదర్‌ని మళ్లీ విప్పండి. తడి సీల్ బయటి అంచు చుట్టూ ఉందంటే హౌసింగ్ కొలతో, గోడ మీద గీతో కారణం. షాఫ్ట్ చుట్టూ ఉందంటే లిప్, గాడి, బేరింగ్ వైపు చూడండి. యాక్సిల్ సీల్ మార్చిన బండికి ఆ వైపు బ్రేక్ పట్టు సరిగా ఉందో లేదో కూడా చూడండి, పాత ఆయిల్ బ్రేక్ లైనింగులకు అంటి ఉంటే వాటిని మార్చాలి. లెవెల్ బోల్ట్ విప్పి ఆయిల్ తగ్గిందేమో వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి చూసుకోండి. తీసిన పాత ఆయిల్‌ని కాలువలోనో చేను గట్టునో పారబోయకుండా డబ్బాలో పట్టి, వాడిన ఆయిల్ కొనేవాళ్లకు ఇచ్చేయండి.